లంబసింగి ఘాటీలో మా పాత కారు

మొన్న సమాధుల పండక్కి తమ్ముడి కొత్త కారులో లంబసింగి వెళ్ళాం. డౌనూరు దాటి ఘాటీ ఎక్కుతున్నంతసేపూ నేను కిటికీ అద్దం దించుకుని ఒక మలుపు కోసం చూస్తూనే ఉన్నాను. రోడ్డు కాస్త వెడల్పై, బళ్ళు పక్కకు తీసుకోవడానికి వీలుండే మలుపు అది. కారు ఎక్కడా ఆయాసపడకుండా, చప్పుడైనా పెంచకుండా దూసుకుపోతుంటే, ఆపమని నేను నోరు తెరిచేలోపే ఆ మలుపు వెనకబడిపోయింది. వెనక్కి తిప్పమనడానికి మనసొప్పక అద్దం ఎత్తేసుకున్నాను.

కార్బురేటర్ అంటే ఏమిటో మన తరం వాళ్ళకి చెప్పనక్కర్లేదు గాని, ఈ కాలం పిల్లలకి మాత్రం ఇంజనులోకి పెట్రోలునీ గాలినీ కలిపి పంపే పాత్ర అని విడమరచి చెప్పాల్సి వస్తోంది. నర్సీపట్నం మిషను స్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసిన మా నాన్న తొంభైల మొదట్లో ఒక పాత పెట్రోలు కారు కొన్నారు. అప్పటినుంచి ఆదివారం ఆరాధన ముగిసి, భోజనాలయ్యాక, ఆయన చొక్కా విప్పి బనీనుతో బానెట్టు కింద దూరడం మా ఇంట్లో రెండో ఆరాధన అయిపోయింది. కార్బురేటర్ అడుగున ఉండే చిన్న నట్టును పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికి తిప్పితే పెరుగుతుంది. ఎక్కడ ఆపాలో తెలియాలంటే అమ్మ ఉండాలి. ఉతికిన తెల్ల రుమాలొకటి పట్టుకుని, పొగగొట్టం దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, గుడ్డకు మసి అంటినంతసేపూ తల అడ్డంగా ఊపేది, గుడ్డ తెల్లగా ఉండిపోతే నిలువుగా ఊపేది. “నా పుట్టింటి రుమాళ్ళన్నీ మీ కారు సీమిడి తుడవడానికే సరిపోనాయి” అని ఎత్తిపొడిచేది గాని, ఆ పీట మీద ఇంకొకరిని కూర్చోనిచ్చేది కాదు. అంత ముచ్చటైన కాపురం మళ్ళీ నేను ఎక్కడా చూడలేదు. నా కాపురంతో సహా.

అమ్మకు గుండె జబ్బు ముదిరి, నాలుగడుగులు వేస్తే ఎగశ్వాస వచ్చే రోజుల్లో, లంబసింగిలో ఉండే మా పెద్దమ్మకు ప్రాణం మీదికి వచ్చిందని, చెల్లిని చూడాలని ఒకటే కలవరిస్తోందని కొండ బస్సులో వచ్చిన ఒకాయన చెప్పి వెళ్ళాడు. తల్లి లేని అమ్మను ఎత్తుకు పెంచింది ఆ పెద్దమ్మే. డాక్టరు కొండెక్కవద్దన్నా అమ్మ వినలేదు. రద్దీ బస్సులో ఆమె కూర్చోవడం కష్టమని, అంతవరకు మైదానం దాటని మా కారును నాన్న బయటికి తీశారు.

ఆ ఉదయం ఆయన అమ్మను పీట వెయ్యనివ్వలేదు. ఘాటీ ఎక్కాలంటే బండికి పెట్రోలు కాస్త ఎక్కువ తాగించాలని మా ఊళ్ళో కార్లున్నవాళ్ళందరికీ ఒక నమ్మకం ఉండేది. బరువు మోసే ఎద్దుకు ఉలవలు దండిగా పెట్టినట్టన్నమాట. ఎప్పుడూ ఎవరి మాటా వినని నాన్న, లోపల రోగిష్టి భార్య ఉందన్న భయంతో ఆ ఒక్కసారి విన్నారు. నట్టు బాగా కిందికి తిప్పి బయల్దేరదీశారు.

సగం ఘాటీ ఎక్కేసరికి కారు వెనక నల్లటి పొగ, లోపలంతా పెట్రోలు కంపు, ఇంజను దగ్గుతూ తూలుతూ ఆ మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. చలికి ఇంజను పట్టడం లేదనుకుని నాన్న, గాలి తగ్గించి పెట్రోలు పెంచే చోక్ లాగారు. లాభం లేకపోతే ఇంకా పెట్రోలు కావాలేమోనని నట్టును మరికాస్త కిందికి తిప్పారు. ఇంతలో చింతపల్లి బస్సు వచ్చి మా పక్కన ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, “మేస్టారూ, అమ్మగార్ని ఎక్కించీయండి, ముందు సీటు కాళీ సేయిస్తాను” అన్నాడు. నాన్న చెమట తుడుచుకుంటూ, అయిపోయిందయ్యా, నీ వెనకే వచ్చేస్తామని పంపేశారు. అమ్మ ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూసింది.

చాలాసేపటికి, సీటుకు చేరబడి గాలి కోసం ఎగపీలుస్తున్న అమ్మే పిలిచి చెప్పింది. “ఏటండీ, ఇంకా పోస్తన్నారు? నాకు లాగే దానికీ ఊపిరందట్లేదండి. గాలి పల్సగున్నకాడ తిండి తగ్గించాల గాని పెంచుతారేటి?” నాన్న నట్టు మీంచి స్పానరు తీసేశారు. తరువాత ఇంజను చల్లారనిచ్చి ప్లగ్గులు విప్పితే అన్నీ కాటుక పట్టినట్టున్నాయి. ఒక్కొక్కటే గీకి, తుడిచి, బిగించి, నట్టును పైకి తిప్పుకుంటూ వచ్చారు. అమ్మ వద్దన్నా వినకుండా కారు దిగి, నా భుజం ఆనుకుని రుమాలు పట్టింది. చివరికి తల నిలువుగా ఊపింది. ఆపైన కారు ఎంత హాయిగా ఎక్కిందో!

మేం వెళ్ళేసరికి పొద్దు వాలింది. పెద్దమ్మకు తల దగ్గర దీపం పెట్టి ఉంది. ఆవిడ కోడలు, మాకు వదిన, అమ్మను పట్టుకుని ఏడుస్తూ, బస్సు హారను వినపడగానే కళ్ళు తెరిచిందని, “సెల్లి దిగినాదా?” అని రెండుసార్లు అడిగిందని, ఆ తరువాత మాట్లాడలేదని చెప్పింది. నాన్న గుమ్మం బయటే ఉండిపోయారు. ఆయన చేతుల మసి ఇంకా వదల్లేదు.

అమ్మ ఆయన్ని ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేదేమో. మరుసటి ఏడాది తాను పోయేముందు అక్క పక్కన పెట్టమని మాత్రం అడిగింది.

అప్పటినుంచి ఏటా సమాధుల పండక్కి వెల్ల, బంతిపూలు, కొవ్వొత్తులు డిక్కీలో వేసుకుని నాన్నా నేనూ ఆ కారులోనే వెళ్ళేవాళ్ళం. ఆ మలుపులో కారాపి ఆయన నట్టు పైకి తిప్పేవారు, దిగేటప్పుడు అక్కడే మళ్ళీ కిందికి తిప్పేవారు. రుమాలు నేను పట్టేదాన్ని. ప్లగ్గులు విప్పితే దోరగా వేగిన జీడిపప్పు రంగులో ఉండేవి. “ఇప్పుడు బాగా కుదిరినాదమ్మా” అని ఒకసారి అని, బానెట్టు మీద చెయ్యేసి పసిపిల్లాడిలా ఏడ్చారు. కొన్నేళ్ళకు ఆయన్నీ ఆ పక్కనే పెట్టాం. కారును పాత ఇనుముకి ఇచ్చేశాం.

ఇప్పటి కార్లలో ఆ నట్టు లేదట. ఎంత ఎత్తుకెళితే ఎంత గాలి, ఎంత పెట్రోలు అన్నది లోపలున్న కంప్యూటరే చూసుకుంటుందట. మంచిదే. ఏ తల్లీ మలుపులో కూర్చుని వెళ్ళిపోయే బస్సు వంక చూడనక్కర్లేదు. పొగగొట్టం దగ్గర పీట వేసుకుని తల ఊపే మనిషితోనూ ఇక పనిలేదు.

సమాధుల తోట దగ్గర కారాపి, ఇంకా ఎవరూ రాలేదని చూసి తమ్ముడు గర్వంగా, “సూసినావా అక్కా, ఎంత బేగి వొచ్చీసినామో!” అన్నాడు. అవునురా అన్నాను. మంచు ఇంకా విడలేదు. బంతిపూలు దించుకుని, పక్కపక్కనే ఉన్న ఆ ముగ్గురి దగ్గరికి నడిచాను.