పోయొస్త

మా ఆయన పోయిన కొత్తలో మహబూబ్‌నగర్‌ నుంచి నారాయణపేట బస్సెక్కాను. పక్కసీట్లో కాలేజీలో చదువుకుంటున్న పిల్ల ఒకామె ల్యాప్‌టాప్‌లో రెండు కొసలూ సన్నగా ఉండే మగ్గం నాడెలాంటి గీతను చూస్తోంది.

“గదేంది బిడ్డా?”

“హిస్టెరిసిస్‌ అక్కా. ఇనుములో కంటికానని చిన్న అయస్కాంతాలుంటయి. పెద్ద అయస్కాంతం పక్కన పెడితే దాని దిక్కుకు తిరుగుతయి. తీసేసినా గట్లనే ఉండిపోతయి.”

“తీసేసినంక ఇంకేముంటది? ఉత్తమాట.” వాదించే ఓపిక లేదు, అలవాటు మాత్రం పోలేదు.

“ఉంటది అక్కా. పోవాలంటే ఉల్టా గుంజాలె. మరీ చిన్నగుంటేనే జర వేడికి ఆ దిక్కు మర్చిపోతయి.”

“నేను మరీ చిన్నదాన్నేం గాదు.”

ఆమె నవ్వబోయి, నా బోసిమెడ చూసి ఆగిపోయింది.

చావింట్లో ‘పోయొస్త’ అనకూడదు కదా. ఆ రోజుల్లో మా ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ మాట్లాడకుండా లేచి వెళ్లిపోయేవారు. ఆ పిల్ల మాత్రం మరికల్‌లో దిగుతూ నా చేతిమీద చెయ్యివేసి, “పోయొస్త అక్కా” అంది.

“పోయిరా బిడ్డా” అన్నాను.

ఆ తర్వాత మా ఇంట్లోంచి ఎవరు చెప్పకుండా లేచినా తగాదా పెట్టుకున్నాను. మంచంమీద మాత్రం ఇప్పటికీ ఆయన జాగా వదిలి, గోడవైపే పడుకుంటాను.