నేల అదిరే స్పీకర్లు

కంప్యూటరుకు స్పీకర్లు ఎంచుకోవడానికి నాకు పట్టినన్ని రోజులు, మా అక్కకు సంబంధం చూడటానికి కూడా మా ఇంట్లో పట్టలేదు. పాటల్లో గొంతు తేటగా వినపడాలి, గేముల్లో అడుగుల చప్పుడు ఏ పక్కనుంచి వస్తోందో తెలియాలి, సినిమాకు నేల అదరాలి. మూడూ ఒకే సెట్టులో కావాలని నా పంతం.

బంగారుపేట అంగడిలో ఒక్కొక్కటే పెట్టించుకుని విన్నాను. చిన్న పెట్టెలు రెండూ పాటకు బాగున్నాయి గానీ, సినిమాలో కొండ పేలితే టపాకాయ కాల్చినట్టుంది. అంగడాయన విసుక్కుని, నేలమీద పెట్టుకునే పెద్ద బేస్ పెట్టె ఉన్న సెట్టు తగిలించాడు. కొండ పేలింది. నా చెయ్యి దానంతటదే పోయి గోడను పట్టుకుంది. ఆయన నవ్వాడు. నేనూ నవ్వేసి, అదే కట్టమన్నాను.

గోల్డ్‌ఫీల్డ్సులో పెరిగిన చెయ్యి అది. బంగారు గని నడిచే రోజుల్లో భూమి లోపల రాయి పేలేది. ఏర్‌బ్లాస్ట్ అనేవాళ్లం. గని కూలీలకు వరసగా కట్టిన మా లైన్ ఇళ్లు అదిరేవి, గిన్నెలు మోగేవి. నేను గోడ పట్టుకునేవాణ్ని. అమ్మ పొయ్యి ఆర్పి, తలుపు దగ్గరికేసి, గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి నడిచేది. పరుగెత్తకూడదని మా లైన్లో ఆడవాళ్ల పట్టింపు. పరుగెత్తితే చావును పిలిచినట్టట. అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడిగేవాళ్లు కాదు. మనుషుల్ని పైకి తెచ్చే కేజ్ వచ్చినప్పుడల్లా దిగినవాళ్ల ముఖాలు చూసేవాళ్లు, అంతే. మా నాయన ప్రతిసారీ దిగాడు. గని మూతపడ్డాక, ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిదుమ్ముతో ఇంట్లో మంచంమీద పోయాడు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ వంటింట్లో సంగటి కెలుకుతోంది. నేను పెట్టెను నేలమీద పెట్టి, అంగడిలో చూసిన సినిమానే వేశాను. కొండ పేలింది, గిన్నెలు మోగాయి. సినిమా అంటే ఇదీ అని మురిసిపోయి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. ఆకలేసి లేచేసరికి పొయ్యి ఆర్పి ఉంది. సంగటి సగం కెలికి ఉంది. అమ్మ లేదు.

ఎక్కడికి వెళ్లిందో ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది. పట్టింపు మరిచి పరుగెత్తాను. మూతపడిన షాఫ్టు కంచె దగ్గర, కొంగు తలమీద కప్పుకుని నిలబడి ఉంది. ఒక్కతే. పైన, ఒకప్పుడు కేజ్‌ను లాగిన తుప్పుపట్టిన చక్రాలకేసి చూస్తోంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. అది సినిమా అమ్మా, కొత్త స్పీకర్లు అని చెప్పాను. తెలుసంది. సగం దారిలోనే తెలిసిందట. మరి తిరిగి రావడానికేమని కసిరాను. భయం వేస్తే నాకు కోపమే వస్తుంది. ఆమె చాలాసేపటికి గానీ ఇంటికి కదల్లేదు.

సాయంత్రం నేను పెట్టెకు తాడు కడుతుంటే వచ్చి పక్కన కూచుంది.

"ఎందుకప్పా కట్టేస్తా ఉండావు?"

వాపసు ఇచ్చేస్తానన్నాను. ఇక నిన్ను బెదరగొట్టదులే అన్నాను.

"బెదురు కాదప్పా. ఆడ నిలబడుకోని ఉన్నంతసేపూ మీ నాయన కిందనే ఉండాడు. ఇంగ పైకొస్తాడు, ఇంగ పైకొస్తాడు అనుకుంటా ఉన్నా. ఇంటికొచ్చినాక గదా ఆయన పోయినాడని మళ్లీ తెలిసేది. ఉండనీలేప్పా దాన్ని."

నేను తాడు విప్పలేదు. మర్నాడు బంగారుపేట పోయి, ఆ రెండు చిన్న పెట్టెలే తెచ్చుకున్నాను. పాటలు బాగానే వినపడతాయి. అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అమ్మ కోసమే మార్చానని అడిగినవాళ్లందరికీ చెబుతాను.

అబద్ధం. ఆ రోజు కంచె దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని నేనూ కాసేపు ఎదురుచూశాను.