మణికట్టా, జబ్బా?

లద్దాఖ్‌లో ఆ సరస్సు ఒడ్డున లారీ దిగగానే నాకు తల తిరిగింది. అక్టోబరు, మధ్యాహ్నం మూడు. ఎండ కళ్ళు పొడుస్తోంది, గాలి చెవులు కోస్తోంది. చెట్టన్నది లేదు. కొల్లేటికోటలో పుట్టినవాడికి నీళ్ళు కొత్త కాదు గానీ, వేలు ముంచితే ఎముక దాకా నొప్పెట్టే నీళ్ళు నేనెక్కడ చూశాను!

అప్పుడు నేను సైన్యంలో డైవర్ హవల్దారుని. గాలివానకి మునిగిన గస్తీ పడవ ఇరవై మీటర్ల లోతున రాళ్ళ మీద ఒరిగి ఉంది. దాని కిందికి దూరి పట్టీలు చుట్టాలి. సరస్సు గడ్డకట్టేలోపు పైకి లాగాలి. నాతో దిగేవాడు శ్రీను, మా పక్క లంకవాడు, వరసకి తమ్ముడు. వాడి భార్యకి నెలలు నిండుతున్నాయి. ఏలూరు స్టేషన్లో ఆ అమ్మాయి, "ఈయన్ని మీ చేతుల్లో పెడుతున్నానండీ బావగారూ" అంది. ఆ మాట నా గుండెల మీద బండలా కూర్చుంది.

డ్రై సూట్లొచ్చాయి. వాల్వులు విడిగా వచ్చాయి. డ్రై సూటంటే మరేం లేదు, లోపల మనిషి, మనిషి చుట్టూ గాలి, బయట నీళ్ళు. పైకొస్తున్న కొద్దీ ఆ గాలి ఉబ్బుతుంది. వాల్వు గుండా వదలకపోతే మనిషి బెండులా పైకి తన్నుకుపోతాడు. అంత వేగంగా వస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి. ఆ వాల్వుకి చిల్లు ఎక్కడ కొయ్యాలన్నదే గొడవ. ఒకసారి కోస్తే కోసినట్టే.

"మణికట్టు మీద," అన్నారు మేజర్ గారు. "చెయ్యెత్తితే గాలి దానంతటదే పోతుంది."

శ్రీను నా వైపు వంగి, "అదే సుఖమండీ అన్నయ్యా. మన చెయ్యెలాగూ పైనే ఉంటది కదా!" అన్నాడు.

"అదేరా నా భయం!"

మా చేపల చెరువుల్లో తూము దగ్గర నాచు తియ్యడానికి మునిగేవాడు ఎడమ అరచెయ్యి నడినెత్తికి అడ్డం పెట్టుకుంటాడు. పైన చెక్కలకి మేకులుంటాయి. చిన్నప్పుడు అలవాటైతే ఇక పోదు. శ్రీనూ అలా మునిగి పెరిగినవాడే, పడవ కింద కూడా వాడి చెయ్యి అక్కడే ఉంటుంది. మణికట్టు వాల్వుకి మూసి బిగించే మర లేదు. చెయ్యి పైనుంటే సూట్లో గాలంతా పోతుంది, చలి పట్టేస్తుంది, మనిషి అడుగుకి దిగిపోతాడు. జబ్బ మీద పెట్టేదానికి మర ఉంది.

నా మాట మేజర్ గారు నమ్మలేదు. "శ్రీనూ, లారీ కిందికి దూరి ఇరుసుకి తాడు కట్టు," అన్నాను. దూరాడు. కుడిచేత్తో తాడు, ఎడమ చెయ్యి నెత్తి మీద! చిల్లు ఇక్కడ కొయ్యమని మేజర్ గారు మెకానిక్కి తన జబ్బ చూపించారు.

"కింద పనిచేసేటప్పుడు మర బిగించు. పైకి బయల్దేరే ముందు వదులు చెయ్యి. ఏం?" అన్నాను శ్రీనుతో.

"సరేనండీ. ఎన్నిసార్లు చెబుతారూ?"

మర్నాడు పొద్దున్నే దిగాం. పడవ కింద శ్రీను చెయ్యి నెత్తి మీదే ఉంది. సూటులో గాలి నిలిచింది. మూడు పట్టీలూ చుట్టాడు. ఒడ్డు నుంచి తాడు రెండుసార్లు లాగారు, వచ్చెయ్యమని. వాడు బయటికొచ్చాడు, ఎడమ చెయ్యి చాచి పైకి లేచాడు. జబ్బ దగ్గర ఒక్క బుడగ లేదు. మర వదల్లేదు! సూటు ఉబ్బుతోంది. నన్ను దాటి పోతున్నాడు.

ఓరి దేవుడా అనుకుని వాడి నడుం బెల్టు పట్టుకున్నాను. ఇద్దరం లేచిపోతున్నాం. మందపాటి గ్లౌజుల్లో వేళ్ళకి స్పర్శ లేదు. మర మీద చెయ్యి జారింది. మళ్ళీ జారింది. స్టేషన్లో ఆ అమ్మాయి మొహం కళ్ళముందుకొచ్చింది. మూడోసారి మర తిరిగింది. వాడి జబ్బ నుంచి గాలి బుస్సున వెళ్ళింది, బుడగలు నా మాస్కుని రాసుకుంటూ పోయాయి. వేగం తగ్గింది. అక్కడి నుంచి ఇద్దరం మెల్లగా పైకొచ్చాం.

ఒడ్డున దుప్పట్లో వణుకుతూ వాడన్న మొదటి మాట: "మణికట్టు మీద పెట్టుంటే హాయిగా పైకొచ్చేవాణ్ణండీ."

"వచ్చేవాడివే, అడుగున బతికుంటే!" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. వాడూ ఏడ్చాడు.

పడవ బయటికొచ్చింది. నెల తిరక్కుండా ఏలూరులో దిగాం. ఆ అమ్మాయి పిల్లని వాడి చేతికిచ్చి నాకు దండం పెట్టింది. నేను తలొంచుకుని ఆటో కోసం వెళ్ళిపోయాను.

ఇప్పుడు రిటైరై చెరువులు చూసుకుంటున్నాను. నీళ్ళలోంచి బుడగలొస్తే నాకేమీ కాదు. అవి ఉన్నట్టుండి ఆగితేనే, చాచిన చేత్తో నన్ను దాటి పైకి పోతున్న శ్రీను కనబడతాడు. వెంటనే ఫోన్ చేస్తాను.

"ఏంటండీ అన్నయ్యా, ఈ వేళప్పుడు?" అంటాడు.

"ఏం లేదురా, అన్నం తిన్నావా?" అంటాను.