రౌతుల నోట మా మాట

మొన్న ఒక మధ్యాహ్నం విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే బస్సులో, నా ముందు సీట్లోంచి గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది. గజపతినగరం దాటాం. కిటికీలోంచి వేడిగాలి ముఖాన కొడుతోంది. ముందు సీట్లో ఇరవై ఏళ్ళ అబ్బాయి ఒకడు ఫోను అడ్డంగా పట్టుకుని, బస్సంతా వినబడేలా ఆట ఆడుకుంటున్నాడు. డెక్కల చప్పుడు దగ్గరైంది. గుర్రం సకిలించింది. దాని మీదున్న కాపలా రౌతు ముక్కుతో సాగదీస్తూ, "ఓలమ్మోలమ్మో, ఏటిరా ఏటి, ఈడేటి సేస్తన్నావేటి?" అన్నాడు. ఆ అబ్బాయి పగలబడి నవ్వి, పక్కనున్న స్నేహితుడి భుజం తట్టి, "ఇన్నావా? మనోడేరా!" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అబ్బాయి మీద కాదు. ఆ గుర్రాన్ని నడిపించిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. దాని అడుగు, దాని మలుపు, కళ్ళెం లాగితే అది తల విదిలించే తీరు, అన్నీ మా బృందం చేసినవే. ఆ గొంతు మాత్రం మాది కాదు. అది వద్దని పోట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి పేరు కృష్ణవేణి. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. ఆట చివర తెర మీద పడే పేర్లలో కూడా ఆమె పేరు లేదు.

విజయనగరంలో ఒక బట్టల కొట్టు మేడ మీద ఉండేది మా ఆఫీసు. కొట్టు యజమాని కొడుకు శేఖర్‌కు వీడియో ఆటల పిచ్చి. తండ్రిని ఒప్పించి పైఅంతస్తులో కంప్యూటర్లు పెట్టించి, పెద్ద నగరాల కంపెనీలు చేసే ఆటల్లో చిన్న చిన్న భాగాలు పనికి తెచ్చుకునేవాడు. ఆ పనంతా నడిపించేది కృష్ణవేణి. కోటబొమ్మాళి ఆమెది. హైదరాబాదులో చాలాకాలం పనిచేసి వచ్చింది. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచేది. గొంతు ఎంత పెద్దదంటే ఆమె పైన ఎవరినైనా కేకలేస్తే కింద చీరలు చూసుకుంటున్న ఆడవాళ్ళు తలెత్తి కప్పు వైపు చూసేవారు. నేను ఉద్యోగం కోసం ఆమె ఎదుట కూర్చున్న రోజున, కాలేజీలో నేర్చుకున్న భాషంతా కూడగట్టుకుని జవాబులు చెప్పాను. కాలేజీలో మొదటి వారమే నా నోట "ఏటి" అన్న మాట రాగానే తరగతి మొత్తం నవ్వింది. ఆ తర్వాత ఆ మాటను నోట్లోంచి బయటికి రానివ్వలేదు. ఆమె కాసేపు విని, "ఏ ఊరే నీది?" అంది.

"సాలూరండీ. మా నాన్నగారు లారీలు బాగుచేస్తారండీ."

"మరైతే ఎందుకలాగ నాలిక్కి ఇస్త్రీ సేసి మాటాడతన్నావు? నీకు గుర్రాన్ని నడిపించడం వొచ్చా రాదా, అది సెప్పు."

వచ్చని చెప్పాను. కంప్యూటరు మీద చేసి చూపించాను. గుర్రం కాళ్ళు నేలమీద ఆనడం లేదని తిట్టి, రేపట్నుంచి రమ్మంది. "మేడం" అంటే కసిరేది. మా వైపు అక్కను పిలిచినట్టు "అప్పా" అనమంది. ఆమె మంచి మనిషని చెప్పి మిమ్మల్ని నమ్మించాలని నాకు లేదు. చాలాసార్లు అన్యాయంగా కోప్పడేది. టీ చల్లారితే కోపం, కుర్చీ కిర్రుమంటే కోపం. ఒకసారి నేను చేయని తప్పుకు అందరి ముందు అరిచి, తర్వాత నిజం తెలిసినా క్షమించమని అడగలేదు. తన డబ్బాలోని చేపల పులుసు సగం నా పళ్ళెంలో వంపి వెళ్ళిపోయింది.

ఆ ఆట మాకు వచ్చిన వాటన్నింటిలోకీ పెద్దది. ఎప్పటిదో ఒక రాజ్యం. రాజు మీద తిరగబడే కథానాయకుడు ఊళ్ళు దాటుకుంటూ రాజధానికి చేరాలి. దారి పొడుగునా శత్రువులు గుర్రాల మీద కాపలా తిరిగే రౌతులు. వాళ్ళను తయారుచేయడం మా పని: ఎలా తిరుగుతారు, మనిషిని పసిగడితే ఎలా తరుముతారు, ఊళ్ళోవాళ్ళను ఎలా కొరడాతో కొడతారు, ఏం మాట్లాడతారు. అప్ప ఆ పనిలో మునిగిపోయింది. నేను చేసిన మొదటి రౌతును చూసి పెదవి విరిచింది.

"ఈడు పెళ్ళికొడుకులాగున్నాడే. గుర్రం మీదోడు ఊళ్ళోకొస్తే ఎలాగుంటాదో తెలుసా నీకు? మా అవ్వ సెప్పేది. దొర ఏటకొస్తన్నాడంటే రౌతులు ముందొచ్చి మగోల్లని ఎట్టిసాకిరీకి తోలుకుపోయేవోరట. వరి ఈనిక మీదున్నా సరే, గుర్రాల్ని మడిలోంచే దూకించీవోరట. ఆలు మాటాడే మాట కూడా మా అవ్వకి సగం తెలిసీది కాదట. తెలియని మాటలో తిడితే, ఎందుకు తిడతన్నారో తెలీక ఇంకా భయమట. ఆ భయం రావాల."

అందుకే రౌతులకు ఆస్థానపు గ్రాంథికంలో, పొడిపొడిగా, కత్తిలాంటి మాటలు రాసింది. దెబ్బలు తినే రైతులకు మా మాట రాసింది. వాటిని కింద బట్టల గోదాములో రికార్డు చేశాం. నిలువెత్తు బేళ్ళ మధ్య గొంతు మారుమోగదు. కొరడా దెబ్బ తిన్న ఆడమనిషి గొంతు నాది. "బాబూ, బిడ్డ తల్లినండి, వొగ్గీండి బాబూ" అనాలి. ఎన్నో ఏళ్ళుగా దాచుకున్న మాట పెద్దగా అనేసరికి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అప్ప నా వంక చూడకుండా, "బాగున్నాది. ఉంచీయండి" అంది.

అది చూశాక మాకు పనిచ్చిన కంపెనీ దర్శకుడు వీడియోలో మాతో మాట్లాడాడు. ముందు మెచ్చుకున్నాడు. తర్వాత, "చిన్న మార్పండీ. రౌతుల చేత శ్రీకాకుళం యాస మాట్లాడిద్దాం. కాస్త మొద్దుగా, నవ్వొచ్చేలా. రైతులకు మామూలు తెలుగు పెట్టేయండి. వాళ్ళ మీద జాలి పుట్టాలి కదా" అన్నాడు.

శేఖర్ తల వంచుకుని పెన్ను తిప్పుతున్నాడు. అప్ప మొదట నెమ్మదిగానే అడిగింది. "మా మాట వింటే జాలి పుట్టదా అండీ?"

"అది కాదు మేడం. ఆ యాస వినగానే జనం సరదా పడతారు. సినిమాల్లో చూస్తున్నాంగా. మీరు వ్యక్తిగతంగా తీసుకోకండి."

అప్పుడు ఆమె లేచి నిలబడింది. "నా నోరు నాది కాక మరెవల్దండీ? కొట్టీవోడి నోట్లో మా మాటెట్టి, దెబ్బలు తినీవోడి నోట్లో మీ మాట పెడతారా? మా ఊళ్ళ మీదకి గుర్రాల్ని తోలినోడు ఏ రోజైనా మాలాగ మాటాడినాడా? తన్నులు మాకు, నవ్వులు మీకా?"

ఆయన చిరునవ్వు చెరగకుండా, "ఇది ఆటండీ" అన్నాడు. ఆయన అరిచి ఉంటే బాగుండేది. అరిచేవాడు కనీసం ఎదుటి మనిషి మాట్లాడిందని ఒప్పుకున్నట్టు.

ఆ వారంలోనే కబురొచ్చింది: మార్పు చేయాలి, ఆ మేడం ఈ పనిలో ఉండకూడదు. శేఖర్ ఆమెను పక్కగదిలోకి తీసుకెళ్ళి ఏం చెప్పాడో మేం వినలేదు. ఆమె జవాబు మాత్రం కింద కొట్టుదాకా వినబడింది. "శేకరూ, నీ మీద నాకు కోపం లేదనుకోకు. ఉన్నాది." బయటికి వచ్చి తన డబ్బా, నీళ్ళ సీసా సంచిలో వేసుకుంది. నేను కూడా నా సంచి సర్దుకుంటుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వెక్కడికే? కూకో. నా కోపం నాది. ఉద్యోగం వొగ్గీసి ఇంటికెల్తే మీ నాన్న నిన్ను సదివించిందెందుకు?"

మర్నాడు శేఖర్ నా దగ్గరికే వచ్చాడు. "గౌరీ, నీకు యాస బాగా వచ్చు కదా. రౌతుల గొంతు నువ్వే దగ్గరుండి చెప్పించాలి" అన్నాడు. "నాను సెయ్యనండి" అన్నాను. ఆ ఆఫీసులో పని మాటల్లో నా నోటి నుంచి "నాను" రావడం అదే మొదలు. కంపెనీవాళ్ళే ఎక్కడినుంచో ఒక మిమిక్రీ మనిషిని తెచ్చుకున్నారు. ప్రతి మాటకూ ఒక "ఏటి" తగిలిస్తే అదే మా భాష అనుకున్న మనిషి. ఆట బాగా అమ్ముడైంది. రౌతుల మాటలు ముక్కలుగా కోసి జనం ఫోన్లలో పంపుకుని నవ్వుకున్నారు. ఆ పని అయిపోగానే నేను విశాఖపట్నంలో వేరే ఉద్యోగం వెతుక్కుని వచ్చేశాను.

కొన్ని నెలలకు కోటబొమ్మాళి వెళ్ళాను. అప్ప తమ్ముడి పప్పుల కొట్టులో కూర్చుని, మినుముల్లో తడి ఉందని ఎవరినో గట్టిగా తిడుతోంది. మళ్ళీ ఆటల కంపెనీలేవీ ఆమెను పిలవలేదు. గొడవ మనిషన్న పేరు ఆమెకన్నా ముందే అన్ని ఆఫీసులకూ చేరింది. నన్ను చూసి తిట్టడం ఆపి, లోపల వంటింట్లోకి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. ఆట గురించి ఎత్తాలా వద్దా అని నేను తటపటాయిస్తుంటే తనే ఎత్తింది.

"కొన్నానే. ఆడినాను."

"ఎందుకప్పా?"

"మన గుర్రాలు ఎలాగున్నాయో సూద్దామని. బాగున్నాయి. మొదటి ఊరి కాడే రౌతు ఎదురొచ్చినాడు. కత్తి తియ్యమంతాది ఆట. తీసినాను. ఆడు నోరు తెరిచి మన మాట మాటాడినాడు. ఎంత ఎకసెక్కంగా మాటాడినా మన మాటే గదే. సెయ్యి రానేదు. అలాగ నిలబడిపోనాను. ఆడు నన్ను పొడిసీసినాడు." ఆమె లేచి నా పళ్ళెంలో ఇంకాస్త అన్నం వేసింది. "మళ్ళీ మొదలెట్టినాను. మళ్ళీ అంతే. మన మాట మాటాడినోల్లని మన సేతే నరికిస్తన్నారే. ఆపీసినాను."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా ఏడుపు చూసి విసుక్కుంది. "ఏడిస్తే ఏటవుతాది? నీకు కోపం లేదా?"

"ఉన్నాదప్పా."

"మరి దాంతో ఏటి సేస్తన్నావు?"

పళ్ళెం కడిగిపెట్టి బస్సెక్కాను. ఇప్పుడు విశాఖపట్నంలో మా ఆఫీసులో నా కింద కొంతమంది పనిచేస్తున్నారు. పెద్ద నగరాల వాళ్ళతో సమావేశాలుంటాయి. అక్కడ నేను నాలాగే మాట్లాడతాను. మొదటి వాక్యానికే ఎవరో ఒకరి పెదవి చివర నవ్వు మొదలవుతుంది. అప్పుడు మాట ఆపేస్తాను. ఏమైందని అడిగినా చెప్పను. ఆ మనిషి ముఖంలోకి చూస్తూ, ఆ నవ్వు పూర్తిగా పోయేదాకా ఆగుతాను. పోయాక, మళ్ళీ మొదటినుంచి, అదే మాట, అలాగే సెప్తాను.