తలమీది లైటు

మా అవ్వ మీద ఒట్టు, ఇందులో నేను కలిపిన మాట ఒక్కటి కూడా లేదు. నవ్వాలనిపిస్తే నవ్వండి... అంతా విన్నాక.

తెలంగాణ రాకముందు మాట. గోదావరిఖనిలో ఇంటర్ చదువుతున్నాను. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. సాయంత్రం ట్యూషన్ అయ్యాక, క్వార్టర్ల వెనకున్న ఖాళీ జాగా దాటి ఇంటికి రావాలి. కొన్నాళ్లుగా వెనక ఒక సైకిల్ వస్తోంది. కిర్... కిర్... నేను ఆగితే అదీ ఆగుతుంది. తిరిగి చూస్తే చీకట్లో హ్యాండిల్ మీదికి వంగిన ఒక ఆకారం. మొహం ఒక్కసారీ కనపడలేదు.

"నీ పెండ్లికొడుకు వచ్చిండే!" తోడొచ్చే స్వరూప ఆటపట్టించేది.

"నీ నోట్ల మన్నువడ! మా అమ్మకు చెప్పకు. ట్యూషన్ బంద్ చేస్తది."

ఆడపిల్లకు పొద్దుపోయేదాకా చదువేమిటని అమ్మ ముందే సణుగుతోంది. ఈ మాట బయటపడితే నా చదువు అక్కడితో సరి. అందుకే ఇంట్లో నోరు మెదపలేదు.

ఆ రోజు స్వరూప రాలేదు. చలికాలం. కరెంటు పోయింది. జాగాలో సగందాకా వచ్చాను... కిర్... కిర్... ఈసారి నేను ఆగినా అది ఆగలేదు. దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. అడుగుల వేగం పెంచాను.

అప్పుడు కనిపించింది... ముందర ఒక లైటు. మనిషి తలంత ఎత్తులో. బాయిలోకి దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే లైటు. వెలుగు దారి మీద పడి, నడకతో పాటు ఊగుతోంది. ప్రాణం లేచొచ్చింది. మా కాలనీలో బాయి మనిషి ఎవరైనా పిల్లలకు కాకే, అంటే బాబాయే.

"కాకా! జర ఆగు... నేను గూడ వస్తున్న!"

పలకలేదు. తిరగలేదు. నడక మాత్రం నెమ్మదించింది. వెనకాలే నడిచాను. సైకిల్ చప్పుడు... లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు. కంకర మీద నా చెప్పులు కరకరమంటున్నాయి. ఆయన బూట్ల చప్పుడో...? ఎంత తలచుకున్నా, విన్నట్టు గుర్తులేదు.

లైటు మా వరుసలోకి తిరిగింది. మా గేటు ముందు ఆగింది. "సల్లగుండు కాకా," అన్నాను.

ఆరిపోయింది.

అవ్వ కందిలి పట్టుకొని బయటికొచ్చింది. "ఎవలతోని మాట్లాడుతున్నవే?"

గేటు దగ్గర ఎవరూ లేరు.

బాపు రెండో షిఫ్టు చేసి అర్ధరాత్రి వచ్చాడు. పొద్దున వేపపుల్ల నములుతుంటే చెప్పాను. "నిన్న ఓ కాక తలకు లైటు వెట్టుకొని ఇంటిదాక తోడొచ్చిండు బాపూ."

నమలడం ఆపాడు. "లైటా? పైకి రాంగనే ల్యాంపు రూముల ఇచ్చినంకనే బయటకొస్తం బిడ్డా. ఇంటికి ఎవ్వడు తేడు."

అది నాకూ తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. భయంలో గుర్తురాలేదు.

"మన ఇల్లు ఇదేనని నువ్వు చెప్పినవా?"

చెప్పలేదు...

ఇక సైకిల్ సంగతి దాచలేకపోయాను. "సదివింది సాలు, ఇంట్ల కూసో," అంది అమ్మ. బాపు వినలేదు. "సదువు ఆపేది లేదు. నాకు డ్యూటీ ఉన్ననాడు బిడ్డకు తోడు నువ్వు వో, లేనినాడు నేను వోత."

ల్యాంపు రూములోనూ అడిగి వచ్చాడు. ఒక్క లైటూ తక్కువ లేదట.

చదువు ఆగలేదు. సైకిల్ మళ్లీ రాలేదు. లైటూ రాలేదు. ఆ సైకిల్ వాడు లైటును చూసి పారిపోయాడా... లేక నన్ను దానికి అప్పగించి వెళ్లాడా... ఇప్పటికీ తేల్చుకోలేను.

ఒక్కటి మాత్రం నిజం. ఆగమని పిలిచింది నేనే.