పసుపు పెట్టని గుడ్డ

కొత్త గుడ్డ తాను విప్పితే వచ్చే గంజి వాసన ఈమధ్య ఒక కొట్లో మళ్ళీ ముక్కుకు తగిలింది. వెంటనే ఒక మహాకావ్యం రాద్దామని కూర్చున్నాను. అందులో యుద్ధరంగం ఉంది, పదునైన ఆయుధాలున్నాయి, ఒక వీరనారి ఉంది, ధర్మసంకటం కూడా ఉంది. కాకపోతే ఆయుధాలు కత్తెరలు, వీరనారి మా మేనత్త సరోజ, జరిగిందల్లా చంటిపిల్లల గౌను కుట్టడం. కావ్యమనుకుని ఎక్కినవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

అప్పుడు మేము తెలుగువాళ్ళూ తమిళులూ కలిసుండే వ్యాసర్పాడిలో ఉండేవాళ్ళం. పెరంబూరు రైలు వర్క్‌షాపు కూతకు నాయన లేచేవాడు, నాయన దగ్గుకు అవ్వ లేచేది, అవ్వ గొంతుకు వీధంతా లేచేది. తారు కరిగి ఉత్తకాళ్ళకు అంటుకునే వేసవి సెలవుల్లో, ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు చప్పరిస్తూ, అత్త మిషను కింద రాలిన పీలికలను బొమ్మలకు చీరలుగా చుట్టి మేము పెళ్ళిళ్ళు చేస్తుంటే, అత్త టేపు ముట్టకుండా మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, జానెడూ బెత్తెడూ లెక్కన గుడ్డ కొలిచి, చుట్టుపక్కల ఆడవాళ్ళందరి జాకెట్లూ కుట్టేది. బిగుతని ఒక్కటీ తిరిగి రాలేదు. వచ్చినవి, మనిషి లావైనందువల్లనని అవ్వ తేల్చేసేది.

మా బడిలో కుట్టు టీచరమ్మ మరుసటి ఏడు రిటైరవుతున్నది. సర్టిఫికెట్టు తెస్తే ఆ పని అత్తకేనని పెద్ద టీచరమ్మ మాటిచ్చింది. చూలైలోని కుట్టుబడిలో ఆ సర్టిఫికెట్టుకు రెండేళ్ళు చదవాలి. మాకున్నది ఒక్క ఏడు. అయితే అక్కడ ఒక వెసులుబాటు ఉండేది. ముందే పని తెలిసినవాళ్ళు ఒక పూట పరీక్షలో చేసి చూపిస్తే, మొదటి ఏడు చదివినట్టే లెక్కగట్టి నేరుగా రెండో ఏట కూర్చోబెట్టేవాళ్ళు. పరీక్ష తప్పితే సూదిలో దారం ఎక్కించడం దగ్గర మొదలు, టీచరు పని ఇంకెవరికో పోయినట్టే. పదేళ్ళుగా మిషను తొక్కుతున్న అత్త ఆ వారమంతా అన్నం కెలికి వదిలేసేది. పెద్దవాళ్ళు కూడా భయపడతారని నాకు అప్పుడే తెలిసింది. అది తెలిశాక నిద్ర పట్టలేదు.

పరీక్షనాడు అవ్వ నా గౌను జేబులో పసుపు పొట్లం కుక్కింది.

"కొత్తగుడ్డకు పసుపు పెట్టకుండా కత్తెర ఎయ్యగూడదే. అట్లా చించేది పీనుగ్గుడ్డ ఒకటే. అత్తకు ఇయ్యకుండా వస్తివా, ఈడ నీకు కూడు లేదు."

చూలై చేరేదాకా నేను జేబు మీదినుంచి చెయ్యి తీయలేదు.

హాల్లో పన్నెండుమంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ముందు నంబరు చీటీ గుచ్చిన తెల్లగుడ్డ. గుడ్డ ఎవరిదో దిద్దేవాళ్ళకు తెలియకూడదు కాబట్టి నంబరు తప్ప పేరుగానీ గుర్తుగానీ ఉంటే ఆ గుడ్డ దిద్దడానికి పంపనని, పరీక్ష పెట్టే అమ్మగారు తమిళంలో నిదానంగా చెప్పింది. అత్త బుద్ధిగా తలూపింది. తలూపి, కిటికీ బయట నిలబడ్డ నావైపు చెయ్యి చాపింది. నేను పొట్లం ఇచ్చాను. పసుపును గుర్తు అనుకోవాలని మా వంశంలో ఎవరికీ తోచి ఉండదు. నుదుటి బొట్టును మరక అనుకుంటామా?

అరగంట తర్వాత అమ్మగారు అత్త గుడ్డ కొస ఎత్తి చూసింది. ఇదేమిటని అడిగింది. మిషను మీద అత్త కాళ్ళు ఆగిపోయాయి. గుర్తున్న గుడ్డ చెల్లదు, లేచి వెళ్ళమన్నది. పొట్లం ఇచ్చింది నేనే కనక నన్నూ జైల్లో పెడతారు. అక్కడ మామిడికాయ పెడతారో లేదో కనుక్కునే ధైర్యం కూడా లేకపోయింది.

అప్పుడు పక్క బల్ల ఆవిడ లేచి, "నా గుడ్డకూ ఉండాది అమ్మా. ఆ అక్క పొట్లమే నేనూ తీసుకుంటి" అన్నది.

అమ్మగారు బల్ల బల్లకూ పోయి కొసలు ఎత్తింది. పసుపు. పసుపు. మళ్ళీ పసుపు. ఆమె హాజరు రాసుకుంటున్నంతసేపూ పొట్లం తెలుగు, తమిళం తేడా లేకుండా హాలంతా తిరిగొచ్చిందన్నమాట. చివరి బల్లలో, చర్చికి వెళ్ళే స్టెల్లా అనే అమ్మాయి గుడ్డ ఒక్కటే మల్లెపువ్వులా ఉంది. పదకొండు గుడ్డలకు ఉన్నాక, లేకపోవడమే గుర్తు. ఇప్పుడు పంపకూడని గుడ్డ అదొక్కటే.

అమ్మగారు కుర్చీలో కూలబడి నీళ్ళు తాగింది. చివరికి పొట్లం తెప్పించి, స్టెల్లా ముందు పెట్టి, నువ్వూ పెట్టమన్నది.

స్టెల్లా అత్తవైపు తిరిగి, "ఏ మూల పెట్టాలక్కా?" అని అడిగింది.

"యాడైనా ఒకటే చెల్లీ. చెయ్యి వణకకుండా పెట్టు."

అంటూనే అత్త మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

పదిరోజులు పోస్టుమేను సైకిలు గంట వినబడితే నేను తలుపు చాటుకు పోయాను. చివరికి కార్డొచ్చింది, మొదటి ఏడు చదివినట్టే లెక్క. నాయన రెండుసార్లు చదివాడు. అత్త ఆ పూట మూడుసార్లు అన్నం వడ్డించుకుంది.

ఆ తర్వాత అత్త ఎన్నో ఏళ్ళు మా బడిలో కుట్టు నేర్పింది. ఇప్పుడు అవ్వ లేదు. వ్యాసర్పాడి ఇల్లు వేరేవాళ్ళది. కుట్టుబడి మూతపడింది, ఆ హాల్లో ఎవరో కాగితం బస్తాలు పెట్టుకున్నారు. చదవని ఏడును చదివినట్టు ఒప్పుకున్న ఆ సర్టిఫికెట్టు మాత్రం ఉంది. పటం కట్టించమని అత్త మొన్న నా చేతికిచ్చింది. ఆ సైజు అద్దం లేదట, పటాలు కట్టేవాడు గురువారం రమ్మన్నాడు.