బర్నబే పంపిన పళ్ళెం

ఫ్రాన్సులో మా మోర్వాన్ కొండల్లో పందిని కోసిన ఇంటి నుంచి పళ్ళెం వస్తే కాదనకూడదు. పంది పేగులో నెత్తురూ ఉల్లిపాయలూ కూరి వండిన నెత్తురుపేగు అది. వేడివేడిగా పళ్ళెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి ఇరుగుపొరుగుకీ, చర్చి ఫాదరుకీ, డాక్టరుకీ పంపుతారు. తిప్పి పంపినవాడు ఆ ఇంటికి చెడు కోరినట్టే లెక్క. మళ్ళీ ఆ ఇంటి పంది మాంసం తినేదాకా వాడు శత్రువే. ఈ సంగతి డాక్టర్ అన్సెల్మ్ విరోకి తెలియక కాదు. తెలిసే తిప్పి పంపాడు. అందుకు ఆయన మీద నాకిప్పటికీ కోపమే.

నా కాఫీ దుకాణం ఆయన ఇంటికి ఎదురుగా ఉంది. భార్య పోయిన దగ్గర్నుంచి ఆయన రాత్రి భోజనం నా దగ్గరే. ఆ మహాతల్లి ప్రసవంలో, ఆయన చేతుల్లోనే పోయింది. బిడ్డా దక్కలేదు. ఆ తర్వాత చాలాకాలం రోగులతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకసారి పనిమీద లియోన్ నగరం వెళ్ళి, సంచీ నిండా పుస్తకాలతో తిరిగొచ్చాడు. దివ్యజ్ఞాన సమాజం అనేవాళ్ళవట. మనిషి చనిపోతే పోయినట్టు కాదట, మళ్ళీ పుడతాడట. జంతువుల్లోనూ మనలోనూ ఉన్న ప్రాణం ఒకటేనట. సత్యాన్ని మించిన మతం లేదట. ఫాదరు మండిపడ్డాడు గానీ నాకేం అభ్యంతరం లేకపోయింది. మనిషి మళ్ళీ మాట్లాడుతున్నాడు, అది చాలనుకున్నాను. కానీ నా సూపులో పందికొవ్వు వెయ్యొద్దన్న రోజున మాత్రం గరిటె విసిరికొట్టాను. మర్నాటి నుంచి ఆయనకి వేరే కుండ పెట్టాను.

ఆ చలికాలమే, చెక్కచెప్పులు చేసే బర్నబే పళ్ళెం పట్టుకుని ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"నీమీద నాకేం కోపం లేదు బర్నబే. నేను జంతువుల్ని తినడం మానేశాను," అని డాక్టరు పళ్ళెం అలాగే చేతిలో పెట్టి పంపేశాడు.

నేను పరిగెత్తుకెళ్ళి తిట్టాను. "పుచ్చుకుని కుక్కకి పడేస్తే మీ సొమ్మేం పోయింది?"

"అబద్ధమవుతుంది కదా, ఒర్తాన్స్."

వేసవిలో బర్నబే గుర్రం చచ్చింది. అతని తల్లి, ముసలి తొయినెట్, వీధివీధికీ తిరిగి డాక్టరు దయ్యాల చేత చంపించాడని చెప్పింది. మళ్ళీ చలికాలం వచ్చేసరికి ఊళ్ళో పిల్లలకి గొంతుజబ్బు పట్టుకుంది. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరి ఆడకుండా చేసే జబ్బు అది. బర్నబే కూతురు చిన్నారి ఓదెత్ మంచాన పడింది. డాక్టర్ని మాత్రం పిలవలేదు.

మంచు కురుస్తున్న ఒక మధ్యాహ్నం బర్నబే పెళ్ళాం జెలీ తలమీద గుడ్డయినా లేకుండా నా వంటింట్లోకి వచ్చిపడింది.

"అక్కా, పిల్ల పోతోంది. మా ఆయనా అత్తా వద్దంటున్నారు. నువ్వయినా డాక్టర్ని తీసుకురా అక్కా!"

ఆ కేక ఎదురింట్లోకి వినబడిందేమో, డాక్టరు సంచీ తీసుకుని ముందే వీధిలో పడ్డాడు. నేను వెనకాల పరిగెత్తాను. బర్నబే గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడి ఉన్నాడు. లోపల పిల్ల తీస్తున్న ఊపిరి కోళ్ళ గూడు దాకా వినిపిస్తోంది. రంపం కోసినట్టుంది ఆ శబ్దం.

"నా గడప తొక్కకు."

"జెలీ, వేడినీళ్ళు తే," అన్నాడు డాక్టరు, అతని మాట వినపడనట్టే. చొక్కా చేతులు మడిచి, సీసాలోంచి ఏదో మందు నీళ్ళలో కలిపి, ఆ గడప బయటే చేతులు కడుక్కోసాగాడు. "బర్నబే, గొంతు కింద గాటు పెట్టి గొట్టం పెట్టాలి. ఇప్పుడే పెట్టాలి. కాసేపాగితే నా అవసరం ఉండదు."

తొయినెట్ కొడుకు వెనక నుంచి అరిచింది. "మా పళ్ళెం తోసేసిన చెయ్యి మా పిల్ల గొంతుమీద పడ్డానికి వీల్లేదు! మామీద చెడు లేకపోతే తిని చూపించమను. తిన్నాకే ముట్టుకోవాలి!"

"మతి పోయిందా ముసలమ్మా? అక్కడ పిల్ల నల్లబడిపోతుంటే!" అని నేను మీదికెళ్ళాను.

అంతలో లోపల రంపం చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది, ఈసారి సన్నగా.

డాక్టరు తడిచేతులు పైకెత్తి పట్టుకున్నాడు. "ఏదీ, ఎక్కడుంది?"

ముందురోజే పందిని కోశారు. పొయ్యిమీద పెనంలో నెత్తురుపేగు ఉంది. బర్నబే ఒక ముక్క తెచ్చి చాపాడు.

"నా చేతులు కడిగేశాను. దేన్నీ ముట్టుకోకూడదు. నువ్వే పెట్టు," అని డాక్టరు నోరు తెరిచాడు.

బర్నబే ఆయన నోట్లో ముక్క పెట్టాడు. ఆయన నమిలాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ మింగాడు. ముసలిది తొంగి తొంగి చూసి, నోరు ఖాళీ అయిందని రూఢి చేసుకున్నాక తప్పుకుంది.

బల్లమీద పడుకోబెట్టేసరికి పిల్ల ఊపిరి లేదు. బర్నబే తల పట్టుకున్నాడు, నేను కాళ్ళు పట్టుకున్నాను. కత్తి దిగింది, నెత్తురొచ్చింది, వెండి గొట్టం లోపలికి వెళ్ళింది. అయినా ఊపిరి రాలేదు. డాక్టరు వంగి, అదే నోటితో గొట్టాన్ని పీల్చి, పొరముక్కని నేలమీద ఉమ్మేశాడు. ఆ జబ్బు అలాగే అంటుకుని చచ్చిన డాక్టర్లున్నారని ఆయనకి తెలుసు. గొట్టంలోంచి ఈల వేసినట్టు గాలి వినిపించింది. ఓదెత్ పొట్ట పైకి లేచింది. జెలీ బావురుమంది.

సాయంత్రం నా దుకాణం వెనక కట్టెల మోపు దగ్గర ఆయన కక్కుకుంటుంటే వీపు నిమిరింది నేనే. ఏడుస్తున్నాడు.

పిల్ల బతికింది. ఆ ముక్కతో డాక్టరు పిచ్చి వదిలిందని ఊరంతా సంబరపడింది. మరుసటి చలికాలం బర్నబే ఆదివారం కోటు తొడుక్కుని, ఓదెత్‌ని వెంటపెట్టుకుని, పెద్ద పళ్ళెంతో ఆయన గుమ్మం ముందు నిలబడ్డాడు. వీధంతా తలుపుల్లోంచి చూస్తోంది. ఏం చేస్తాడోనని నేనూ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చాను. డాక్టరు గుడ్డ తీసి, నిలబడే తిన్నాడు. బాగుందన్నాడు. తర్వాత తలుపు వేసుకున్నాడు.

ఆ రాత్రి ఆయన సూపు ముట్టుకోలేదు.

"మీకిదేం ఖర్మండీ? బర్నబేకి చెప్తే అర్థం చేసుకోడా?" అన్నాను.

"చేసుకుంటాడు. అదే నా భయం. ఆ రోజు నా నోట్లో ఏం పెట్టాడో అతనికి తెలిసిపోతుంది."

"మరి సత్యాన్ని మించింది లేదన్నారుగా?"

ఆయన సూపు గిన్నె పక్కకి జరిపి లేచాడు. పుస్తకాలు మానలేదు, నేను పెట్టే వేరే కుండా మానలేదు. ప్రతి చలికాలం పళ్ళెం వచ్చేది, ప్రతి చలికాలం తినేవాడు.

ఆయన పోయినప్పుడు ఫాదరు రాలేదు. శవపేటికని ముందువైపు బర్నబే మోశాడు. మెడమీది మచ్చ కనబడకుండా రుమాలు కట్టుకుని ఓదెత్ వెనక నడిచింది. మట్టి వేశాక బర్నబే నా పక్కకొచ్చి ముక్కు చీదాడు.

"మా ఇంటి నెత్తురుపేగంటే ఎంత ఇష్టమో పాపం, కదా ఒర్తాన్స్ వదినా!"

నా నోటికి అదుపు లేదని ఊరంతా అంటుంది.

"అవును బర్నబే," అన్నాను. "ఒక్క ముక్క కూడా మిగిల్చేవాడు కాదు."